ఏడో ప్యానెల్ దగ్గర

ఏడూ పది కాగానే వంటింటి గోడ మీది కరెంటు మీటరు ముల్లు కిందికి దిగింది.

సుభాషిణి కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి దాన్నే చూస్తూ నిలబడింది. ముల్లు ఒక్కసారిగా పడిపోలేదు. రెండు గీతలు దిగింది, కాసేపాగి పైకి లేచింది, మళ్లీ దిగింది. అలా తొమ్మిదిసార్లు. డాబా మీద తొమ్మిది సోలార్ ప్యానెళ్లున్నాయి. మనిషెవరైనా ఒక్కోదాని ముందు నిలబడి, దుమ్ము తుడిచి, పక్కదాని దగ్గరికి జరిగితే ముల్లు ఎలా ఆడాలో అచ్చం అలాగే ఆడింది. ఏడోదాని దగ్గర రోజూలాగే ఎక్కువసేపు ఆగింది. దాని వెనకే నీళ్ల ట్యాంకు ఉంది. ట్యాంకు మీద కాకులు వాలతాయి కాబట్టి ఆ ప్యానెల్‌కి మురికెక్కువ, అందుకే ఆగేవారని ఆమె అనుకునేది.

డాబా మీద ఎవరూ లేరు. మెట్ల తలుపుకి లోపలివైపు గడియ పెట్టే ఉంది.

రోజూ ఏడూ పదికి ఆ ప్యానెళ్లు తుడిచే మనిషి ఆమె భర్త చెన్నకేశవులు. ఆయన పోయి ఎనిమిది నెలలైంది.

ముల్లు మళ్లీ తన చోటికి వచ్చి నిలిచాక ఆమె కాఫీ తాగింది. చల్లారిపోయింది. ఈ మధ్య రోజూ చల్లారిందే తాగుతోంది. కరెంటాఫీసు నుంచి ఇంజనీరు వచ్చేది ఇవాళే కనుక గ్లాసు కడిగేసి, కాగితాల సంచీ తీసి హాల్లో బల్ల మీద పెట్టింది.

ఇంజనీరు పేరు మస్తాన్‌వలి. నలభై అయిదేళ్లుంటాయి. మార్కాపురం ఎండకు భయపడి గొడుగు లేకుండా గడప దాటని మనిషి. తొమ్మిదింటికల్లా వచ్చి, ముందుగా మెయిన్ స్విచ్ కట్టేయించి, చేతి గడియారం చూసుకున్నాడు.

"ఊళ్లో కరెంటు పోతే మీ ప్యానెళ్లు కూడా రెండు సెకన్లలో ఆగిపోవాలమ్మా. లేకపోతే స్తంభం ఎక్కిన మా లైన్‌మన్ మీ ఇంటి కరెంటుకి పోతాడు," అన్నాడు. ఒకటిన్నర సెకనుకే ఆగిపోయాయి. ఆయన తల ఊపాడు. పెరట్లో ఎర్త్ గుంట దగ్గర మట్టి వేలితో తీసి చూశాడు. "తడిగానే ఉందే. ఎవరు పోస్తారు నీళ్లు?"

"నేనే. రెండు చెంబులు. ఆయన చెప్పిపెట్టారు."

డాబా ఎక్కాక మాత్రం ఆయనకి ఆశ్చర్యమేసింది. ప్యానెళ్ల కింద ఇనప స్టాండ్లు లేవు. పలకల ఫ్యాక్టరీలో పగిలి పక్కన పడేసిన పెద్ద నల్లరాతి పలకల్ని ఏటవాలుగా పేర్చి, వాటి మీద కూర్చోబెట్టి ఉన్నాయి.

"ఇదేందమ్మా, రాయి మీద పెట్టారు?"

"ఇనుము తుప్పు పడుతుంది, రాయి పట్టదు కదా అనేవారండీ."

"రూల్లో రాయి పెట్టమని లేదు." మస్తాన్‌వలి గొడుగు కొసతో రాతిని తట్టి చూశాడు. "పెట్టొద్దని కూడా లేదు."

ఎవరికి వాళ్లు బిగించుకున్న ప్యానెళ్లు కూడా పరీక్ష నెగ్గితే సర్టిఫికెట్ ఇస్తామనీ, ఊరి లైన్లోకి పంపిన కరెంటుకి నెలనెలా డబ్బు కడతామనీ ఉత్తర్వు వచ్చి మూడు నెలలైంది. నెలాఖరులోగా సర్టిఫికెట్ లేని ప్యానెళ్లకి లైను కత్తిరిస్తారు. బిగించినవాడి లైసెన్సు నంబరేదీ అంటూ కేశవులు దరఖాస్తు అంతకుముందు రెండుసార్లు తిరిగొచ్చింది. కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసే మనిషికి లైసెన్సెక్కడిది? మూడోసారి నింపి సంతకం కూడా పెట్టి, పోస్టు చేయకుండానే పోయాడు. సుభాషిణి అదే కాగితం మీద ఆయన పేరు కింద తన పేరు రాసి పంపింది. వచ్చే సగం పింఛనుకి ఆ డబ్బు తోడైతే ఒకరి చేతివైపు చూడకుండా గడిచిపోతుంది. అంతకంటే, పదకొండేళ్లు ఊరంతా నవ్విన పనికి ఒక్క కాగితం మీదైనా ముద్ర పడాలని ఆమె పంతం.

మస్తాన్‌వలి మీటరు పక్కన ఒక చిన్న పెట్టె తగిలించాడు. "ఇది ఒక రోజంతా చూస్తది. రేపొచ్చి తీసుకుంటా. ఇప్పటిదాకా అన్నీ బాగుండాయమ్మా. పెద్దాయన శ్రద్ధగల మనిషి."

ఆ మాటకి ఆమె ఆయనకి రెండో గ్లాసు మజ్జిగ ఇచ్చింది.

*

పన్నెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆమె కాలేజీ ల్యాబ్‌కి క్యారియర్ తీసుకెళ్లింది. కేశవులు అన్నం మాట ఎత్తలేదు. చెయ్యి పట్టుకుని మూలనున్న బల్ల దగ్గరికి లాక్కెళ్లాడు. బల్ల మీద టేబుల్ లైటు వెలుగుతోంది. దాని కింద అరచేయంత గాజుముక్క, దానికి పూసిన ఊదారంగు పొర, పొర నుంచి రెండు వైర్లు, వైర్ల చివర ఒక ముల్లు మీటరు.

"పదకొండు రోజులుగా సరిగ్గా ఒంటిగంటన్నరకి ఈ లైటుకి పలక అడ్డం పెడుతున్నాను సుభా. రెండు నిమిషాలు. ముల్లు దిగుతుంది, తీయగానే లేస్తుంది. ఇవాళ పలక పెట్టను. చూడు."

ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. ఒంటిగంటన్నర అయింది. లైటు వెలుగుతూనే ఉంది, అడ్డం ఏమీ లేదు. ముల్లు తనంతట తానే కిందికి దిగింది. రెండు నిమిషాలుండి లేచింది.

"అత్తిపత్తిలా ఉందే," అంది సుభాషిణి. ఆమె బి.ఎస్సీ. వృక్షశాస్త్రం.

"అత్తిపత్తి ముట్టుకున్నాక ముడుచుకుంటుంది. ఇది ముట్టుకోబోతున్నారని తెలుసుకుని ముడుచుకుంటోంది."

మామూలు ప్యానెల్ మబ్బు పట్టినప్పుడల్లా, మబ్బు వీడినప్పుడల్లా ఉలిక్కిపడుతుందనీ, ఆ ఉలికిపాట్లకే త్వరగా ముసలిదైపోతుందనీ ఆయన చెప్పేవాడు. ఈ పొర అలా కాదు. రోజూ ఏ వేళకి ఎంత వెలుగో నేర్చుకుని ముందే సర్దుకుంటుంది. అందుకే ఒకటిన్నర రెట్లు ఇస్తుంది, అరిగిపోదు. దానికి అలవాటు పొర అని పేరు పెట్టాడు. అందులో రంగు నేరేడు తొక్కలది. రెండు వేసవులు సుభాషిణే పొయ్యి మీద తొక్కలు ఉడికించి ఇచ్చింది. ఆ గిన్నె ఇప్పటికీ ఊదారంగులోనే ఉంది. ఇంకే వంటకీ పనికిరాలేదు.

కాలేజీలో ఎవరూ నమ్మలేదు. లెక్చరర్లు చేయాల్సిన పని అటెండరు లాంటివాడు చేశాడంటే ఎవరు నమ్ముతారు! ఆయన ఎవరితోనూ వాదించలేదు. తొమ్మిది ప్యానెళ్లకి ఆ పొర పూసి, ఇంటి మీదికి తనే మోసుకెళ్లి బిగించుకున్నాడు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల దుమ్ము ఏ పూటకాపూట బూడిద పోసినట్టు దిగుతుంది. రోజూ తుడవాల్సిందే. గాజు వేడెక్కకముందే, ఏడూ పదికి, తడిగుడ్డ పట్టుకుని పైకెళ్లేవాడు. ఆ వేళకి పొద్దు వాలుగా ఉంటుంది. ఆరడుగుల మనిషి నీడ ప్యానెల్ మీద నిండుగా పడేది.

పదకొండేళ్లలో ఆ నీడని పొర నేర్చుకుంది.

"మనమేది రోజూ చేస్తే అదే నేర్చుకుంటుంది ఇది. మనకంటే నయం," అని నవ్వేవాడాయన. ఆ సంగతి ఇలా తిరిగొస్తుందని అప్పుడు ఇద్దరికీ తోచలేదు.

ఆయన పోయిన పదకొండోరోజు ఉదయం సుభాషిణి ముల్లు దిగడం మొదటిసారి చూసింది. గడియ తీసి పైకి పరిగెత్తింది. ఖాళీ డాబా, ఎండ. అప్పటి నుంచి ప్యానెళ్లని ఆమె తెల్లవారుజామున, వెలుగు రాకముందే తుడుస్తోంది, తన నీడ వాటి మీద పడకూడదని. పడితే పొర తననే నేర్చుకుంటుంది, ఆయన్ని మరిచిపోతుంది. అలా జాగ్రత్తపడినా ముల్లు మొదట్లో రెండున్నర గీతలు దిగేది, ఇప్పుడు రెండే దిగుతోంది. ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు కూడా. పిల్లలు కలగలేదు.

*

మరునాడు సాయంత్రం మస్తాన్‌వలి వచ్చి పెట్టెలోని గీతని తన ఫోన్లో చూపించాడు.

"ఇదేంది చూడండమ్మా. పొద్దున ఏడూ పది నుంచి తొమ్మిది గుంటలు. ఆ వేళకి పైన ఏమన్నా అడ్డమొస్తదా? సెల్ టవరు, కొబ్బరిచెట్టు?"

"లేదండీ."

"కాకులా? కాకులైతే ఇట్టా వరసలో నిలబడవే."

సుభాషిణికి అబద్ధం చేతకాక కాదు, ఆ గీత గురించి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. మొత్తం చెప్పింది. మస్తాన్‌వలి ఫోను ఒళ్లో పెట్టుకుని విన్నాడు. చివరికి గోడ మీది ముల్లు వైపు ఓసారి చూసి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"నేను నమ్ముతానమ్మా. మా అబ్బ పోయాక ఏడాది దాకా మా గేదె ఆయన వచ్చే దారివైపే మెడ తిప్పి నిలబడేది. కానీ నేను నమ్మితే చాలదు. రూల్లో ఉండేది ఒక్కటే ముక్క. కారణం లేకుండా కరెంటు తగ్గకూడదు. కారణముంటే పదిసార్లు తగ్గనీ, ఫర్వాలా. లేకుంటే లోపల వైరు కాలుతోందని లెక్క. రేపు ఇల్లు అంటుకుంటే మస్తాన్‌వలి ఎందుకు సంతకం పెట్టాడంటారు."

"అంతేలెండి."

"దాన్ని చెరిపేసే దారేమన్నా ఉందా?"

ఉంది. కేశవులు నోటుపుస్తకంలో ఉంది. నల్ల గుడ్డ కప్పి నాలుగు రోజులు ఎండలో ఉడకనిస్తే పొర నేర్చుకున్నదంతా పోతుంది, పలక తుడిచినట్టు. తెలియదంటే సరిపోయేది.

"ఉందండీ," అంది.

"అయితే కప్పండమ్మా. ముప్పయ్యో తారీకు పొద్దున్నే నేనే వస్తా. మనసు కష్టపెట్టుకోవాకండి. ఎట్టాగూ కరిగిపోయేదేగా." గొడుగు తీసుకుని లేచి, దాన్ని విప్పుకునే గడప దాటాడు.

ముప్పయ్యో తారీకుకి ఇంకా తొమ్మిది రోజులుంది.

*

నల్ల టార్పాలిన్ పక్కింటి రోశమ్మ తెచ్చింది. పలకల ఫ్యాక్టరీలో చెక్క అంచులు బిగించే పని ఆమెది. వేళ్లనిండా మేకుల గాట్లు. మడతపెట్టిన టార్పాలిన్ని మెట్ల మీద ధబ్బున పడేసి, చీర కొంగుతో మెడ తుడుచుకుంది.

"దేనికక్కా ఇది, వర్షాలే లేవుగా?"

సుభాషిణి చెప్పింది. రోశమ్మ నోరు తెరిచి విన్నది.

"అంటే అన్న పోయినా డ్యూటీకి ఎక్కతన్నాడా? మా ఆయన చూడు, బతికుండీ ఎక్కడు." పకపకా నవ్వి, సుభాషిణి ముఖం చూసి ఆపేసింది. "ఎందుకక్కా చెరిపేది? ఉండనీ."

"ఉండనిస్తే లైను కత్తిరిస్తారు రోశమ్మా. అప్పుడు ప్యానెళ్లే తీసేయాలి."

"కప్పినా పాయె, కప్పకున్నా పాయె అన్నమాట." టార్పాలిన్ని కాలితో మెట్టు వారకి నెట్టింది. "నువ్వెట్టా ఉంటావో అనుకునేదాన్ని. ఎనిమిది నెలలుగా పొద్దున పూట నీ గొంతే వినపడటంలా. ముందు ఎట్టా అరిచేదానివి! మా పిల్లకాయలు నీ కేక విని బడికి లేచేటోళ్లు."

ఆ కేక సుభాషిణికి గుర్తుంది. మెట్ల కింద నిలబడి గొంతెత్తి అరిచేది. "కాఫీ చల్లారిపోతోంది! ఆ ప్యానెళ్లనే పెళ్లి చేసుకోవాల్సింది!" పైనుంచి ఏమీ జవాబు వచ్చేది కాదు. కాసేపటికి ఆయనే దిగి వచ్చి, గ్లాసందుకుని, వెంటనే తాగకుండా కాసేపు చేతిలో పట్టుకుని కూర్చునేవాడు. మరీ వేడిగా ఉందేమో అనుకునేది.

ఆదివారం పగలు, టార్పాలిన్ కప్పేముందు ఆమె బిస్కెట్ డబ్బాలన్నీ దించింది. ముల్లు పక్కనే కేశవులు ఇంకో పెట్టె బిగించాడు. కదిలే కాగితం చుట్ట మీద అది రోజూ పొద్దున తుడిచే వేళ అరగంట సేపు సన్నటి గీత గీస్తుంది. పదకొండేళ్ల చుట్టలు, అంచున ఆయన చేతిరాతలో తేదీలతో సహా ఆ డబ్బాల్లో ఉన్నాయి. చెరిపేసేముందు ఒక మంచి రోజుది, లోతుగా పడిన గీత ఉన్నది ఒకటి దాచుకుందామని ఆమె ఉద్దేశం.

సుభాషిణి ఏ పనైనా కంటితో చూసి వదిలే మనిషి కాదు. జాకెట్లు కుట్టే టేపు తెచ్చి కొలవడం మొదలుపెట్టింది. కాగితం మీద ఒక సెంటీమీటరంటే ఒక నిమిషం. మొదటి ఏడాదిలో తొమ్మిది గుంటలూ సమానంగా సెంటీమీటరు చొప్పున ఉన్నాయి. ఏడోది కూడా.

ఆమె టేపు మళ్లీ పెట్టి చూసింది. ట్యాంకు మొదటి ఏడాదీ అక్కడే ఉంది. కాకులు అప్పుడూ వాలేవి.

నాలుగో ఏడు దాకా అంతే. అయిదో ఏట ఏడో గుంట సెంటీమీటరున్నర. ఏడో ఏట రెండు. ఆఖరి ఏడాది మూడు, మూడున్నర. దాని తరవాతి ఎనిమిదీ, తొమ్మిదీ మాత్రం ఇరుకుగా, అర సెంటీమీటరు చొప్పునే ఉన్నాయి. ఎవరో తరిమినట్టు.

ఎవరో కాదు. ఆ వేళకి మెట్ల కింద కేకేసేది తనే.

ఆ మాట ఆమెకి తోచగానే నమ్మలేదు. ఆఖరి ఏడాదిలోనే ఆమె చెల్లెలికి ఆపరేషనైతే కంభం వెళ్లి పదిరోజులుంది. ఆ తేదీలు ఆమెకి కంఠతా వచ్చు. ఆ చుట్ట వెతికి తీసింది. పదిరోజులూ ఏడో గుంట అయిదు సెంటీమీటర్లకి తగ్గలేదు. ఆ తరవాత ఎనిమిదో ప్యానెల్ నింపాదిగా, తొమ్మిదోది నింపాదిగా. కేకేసేవాళ్లు లేరు కనుక, కావాల్సినంతసేపు నిలబడ్డాడు.

ఆయన పోయిన రోజు ఆసుపత్రిలో డాక్టరు ఫారం నింపుతూ అడిగాడు. "చాలా కాలంగా ఆయాసం ఉండుంటుందే. ఇంట్లో ఎవరూ గమనించలేదా?" తిట్టడానికి అనలేదు, ఫారంలో గడి ఉంది కాబట్టి అడిగాడు. ఆవిరి వాసనని బట్టి పప్పు ఉడికిందో లేదో చెప్పగల సుభాషిణి ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయింది. ఎనిమిది నెలలుగా వెతుకుతూనే ఉంది. ఎక్కడ దగ్గాడు, ఎప్పుడు చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఏదీ గుర్తుకి రాలేదు. రానివ్వలేదాయన. గుండె బరువెక్కి ఆయాసం ముంచుకొస్తుంటే డాబా మీద ఒక్కడే నిలబడి, అది సర్దుకున్నాక, ఏమీ ఎరగనట్టు కాఫీకి దిగొచ్చేవాడు. ఆయన ఆమెకి దాచింది ఆ పొరకి మాత్రం దాచలేకపోయాడు.

కాగితాలన్నీ మళ్లీ చుట్టి, తేదీల వరసన డబ్బాల్లో పెట్టేసరికి పొద్దు వాలింది. ఆ పూట ఆమె పొయ్యి వెలిగించలేదు.

*

సోమవారం తెల్లవారుజామున ఆమె ప్యానెళ్లు తుడవలేదు. ఏడూ అయిదుకి టార్పాలిన్ చంకన పెట్టుకుని, తడిగుడ్డ చేతపట్టుకుని మెట్లెక్కింది. ఆయన ఉన్న పదకొండేళ్లలో ఒక్కసారైనా ఆ వేళకి ఆమె పైకి వచ్చింది లేదు. ఆ వేళ కాఫీది.

టార్పాలిన్ గోడవారన పడేసి, ఏడూ పదికి మొదటి ప్యానెల్ ముందు నిలబడింది. నీడ దాని మీద పడింది, పొట్టిగా, పైన జానెడు వదిలేసి. తుడిచి రెండోదానికి జరిగింది. తరవాత మూడు, నాలుగు. ఏడోదాని దగ్గరికి వచ్చేసరికి ట్యాంకు స్తంభం చేతికందేంత దగ్గరలో ఉంది. సున్నం వేసిన స్తంభం. దాని మీద, ఆమె భుజానికి పైన, అరచేయంత నల్లటి మరక.

ప్యానెల్ మీద కాకి రెట్ట ఒక్కటీ లేదు.

ఇన్నాళ్లూ ఆమె చీకట్లో వచ్చి చీకట్లో దిగిపోయింది. మరక కనపడే వేళ కాదది. దగ్గరికి వెళ్లి చూసింది. పలకల దుమ్ము, చెమట కలిసి, ఏళ్ల తరబడి ఒకేచోట ఆనితే పడే మరక. వేళ్ల ఆకారం కూడా తెలుస్తోంది. బొటనవేలు కిందికి ఉంది. మనిషి బరువంతా దాని మీద వేస్తే తప్ప బొటనవేలు అలా దిగదు.

ఆమె చెయ్యి పైకెత్తి దాని మీద పెట్టింది. మునివేళ్ల మీద లేవాల్సి వచ్చింది. అలాగే నిలబడింది, గడియారం చూడకుండా. కింద వంటింట్లో ముల్లు దిగే ఉంటుందని ఆమెకి తెలుసు. ఆయన పోయాక మొదటిసారి ఆ నీడకి మనిషి ఉంది, ఆ మనిషిని చూసేవాళ్లు కింద లేరు.

దిగేటప్పుడు టార్పాలిన్ మడత విప్పకుండానే వెనక్కి తెచ్చింది.

"ఏందక్కా, కప్పలా?" అంది రోశమ్మ గోడ అవతలి నుంచి.

"అక్కర్లేదు. కారణం దొరికింది."

*

ముప్పయ్యో తారీకు ఏడింటికే మస్తాన్‌వలి గొడుగుతో డాబా మీదున్నాడు. కప్పకుండా, ఇకపై రోజూ ఆ వేళకి తనే తుడుస్తానని ఆమె చెప్పగా విని ముందు తల అడ్డంగా తిప్పాడు. తరవాత జేబులోంచి ఉత్తర్వు కాగితం తీసి, వేలు పెట్టి ఒక్కో వాక్యం చదువుకున్నాడు.

"తుడిచే మనిషి నీడ కారణమే. అది ఒప్పుకుంటారు. కానీ రోజూ పడాలమ్మా ఆ నీడ. ఏడూ పదికే. ఎప్పుడన్నా వచ్చి చూస్తారు. ఒంట్లో బాగున్నా, బాగలేకున్నా."

"పడుతుంది."

"ఇంకొకటి. మీరు నడిచేకొద్దీ అది మిమ్మల్నే నేర్చుకుంటది. తెలుసా?"

"తెలుసండీ." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "కప్పితే నాలుగు రోజుల్లో పోతారు. ఇలా అయితే కొన్నేళ్లు పడుతుంది."

ఆయన తను తెచ్చిన చిన్న ముల్లు మీటరు ప్యానెళ్ల వైర్లకి తగిలించుకుని నిలబడ్డాడు. ఆమె నడిచింది. ఒకటో ప్యానెల్ దగ్గర ఆయన "ఊఁ" అన్నాడు. రెండో దగ్గర "ఊఁ". నాలుగో దగ్గర, "మీరు పొట్టి కదమ్మా, గుంట లోతుకీ మీ నీడకీ సరిపోవటంలా," అన్నాడు.

"అయితే?"

"నీడ ఎత్తు కొలవమని రూల్లో లేదులే. పదండి."

ఏడోదాని దగ్గర ఆమె స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడింది. మస్తాన్‌వలి గడియారం చూశాడు, ఆమెని చూశాడు, గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. మూడున్నర నిమిషాలు. ముల్లు లేచింది. ఆమె కదిలింది.

కిందికొచ్చి హాల్లో కూర్చుని ఆయన ఫారం నింపాడు. ఒకచోట కలం ఆగింది.

"ఏడో ప్యానెల్ దగ్గర ఎక్కువసేపు ఎందుకో రాయాలి. కాకులనేదా? మురికెక్కువ, అందుకని. ఎవరూ అడగరు."

"కాకులు కాదండీ."

"మరి?"

"ఆయాసం."

మస్తాన్‌వలి తలెత్తాడు. "మీకా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు. "పోయినాయన ఆయాసం ఫారంలో ఎట్టా రాసేదమ్మా?"

"పేరు రాయొద్దు. తుడిచే మనిషికి ఆయాసం వస్తుంది, ఏడో ప్యానెల్ దగ్గర స్తంభం పట్టుకుని ఆగుతారు. అంతే రాయండి. అందులో అబద్ధమేమీ లేదు."

ఆయన అలాగే రాశాడు. మాట పొల్లుపోకుండా రాసి, కింద తన సంతకం పెట్టి, కాగితం ఆమె వైపు తిప్పాడు. ఇంటివాళ్లు సంతకం పెట్టే గీత కింద చిన్న అక్షరాల్లో 'గమనించినవారు' అని ఉంది.

సుభాషిణి ఆ మాటని రెండుసార్లు చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది. తరవాత గీత దాటకుండా, పూర్తి పేరు సంతకం చేసింది.

*

సర్టిఫికెట్ పన్నెండు రోజులకి వచ్చింది. దాన్ని ఆమె పటం కట్టించలేదు. చుట్టచుట్టి ఆఖరి బిస్కెట్ డబ్బాలో, కాగితాల వరసలోనే పెట్టింది. పంపిన కరెంటుకి డబ్బు నెలనెలా వస్తోంది. రోశమ్మ పెద్దకూతురు పై చదువుకి పొరుగూరు వెళ్లింది. ఆమె లేని లోటుకి రోశమ్మ సాయంత్రాలు వచ్చి కూర్చుంటోంది. కాసేపు మాట్లాడి వెళ్లిపోతుంది. తరవాత ఇల్లు మళ్లీ మామూలే.

రోజూ ఏడూ పదికి సుభాషిణి పైకెక్కి తన నీడ పరుస్తోంది. ఏడోదాని దగ్గర మూడున్నర నిమిషాలు నిలబడుతుంది. ఆమె గుండె బాగానే ఉంది. కానీ పొర ఆ వేళకి ఎదురుచూస్తుంది. తను ముందే కదిలితే అక్కడ ఆయన ఒక్కడే మిగిలిపోతాడనిపిస్తుంది.

ఏడాది తిరిగాక ఒకరోజు ఆమెకి జ్వరం వచ్చింది. లేచి వంటింటి దాకా రాగలిగింది కానీ మెట్లెక్కలేకపోయింది. ఎవరైనా తనిఖీకి వస్తే రానీ అనుకుంది. కాఫీ కలిపి గ్లాసులో పోసి, గట్టుని ఆనుకుని ముల్లు వైపు చూసింది.

ఏడూ పదికి అది దిగింది. గీతన్నర. మునుపటి రెండూ కాదు. ఒకటో ప్యానెల్, రెండు, మూడు. అందులో ఎంత ఆయనో, ఎంత తనో ఇక చెప్పడం కష్టం. పైన ఎండలో మనిషి లేని నీడ ఒకటి తుడుచుకుంటూ వెళ్లింది. ఏడోదాని దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

గొంతు దాకా వచ్చిన కేకని సుభాషిణి మింగేసింది. మూత తీసుకుని కాఫీ గ్లాసు మీద బోర్లించింది, వేడి పోకుండా. కుర్చీ లాక్కుని కూర్చుంది.

ముల్లు ఇంకా లేవలేదు. ఆమె తొందరపెట్టలేదు.